ఇప్పుడు తిరుగుతున్న రికార్డు

జాజ్ రికార్డులను సేకరించేవారు ఎక్కడ కలుసుకున్నా, ఎవరి దగ్గర ఎన్ని రికార్డులున్నాయన్న ఆరా కంటే ఈ మధ్య ఏం వింటున్నారన్న ప్రశ్నే వారి సంభాషణను ముందుకు నడిపిస్తుంది. దానికి వచ్చే జవాబు కళాకారుడి పేరుతో ఆగదు. రికార్డింగు ఏ సంవత్సరానిది, పక్కన వాయించినవారెవరు, ఎల్పీలో ఏ వైపు, ఒకే పాటను రెండు మూడుసార్లు రికార్డు చేసి ఉంటే వాటిలో ఏది అన్నంత వరకూ అది సాగుతుంది. బయటివారికి చాదస్తంగా తోచే ఈ వివరాల మార్పిడి లేకపోతే, జాజ్ చరిత్రగా ఇప్పుడు గ్రంథాల్లో ఉన్నదానిలో చాలా భాగం నమోదయ్యేదే కాదు.

దీనికి మూలం ఆ సంగీత స్వభావంలోనే ఉంది. కర్ణాటక సంగీతంలో మనోధర్మానికి ఎంత స్థానముందో, జాజ్‌లో వాయిద్యకారుడు అప్పటికప్పుడు అల్లే స్వరరచనకూ అంత స్థానం ఉంది కనుక, ఒకే బృందం ఒకే గదిలో ఒకే పాటను వెంటవెంటనే రెండుసార్లు వాయించినా ఆ రెండూ ఒకటి కావు. ఇలా ఒక్కోసారి వాయించి రికార్డు చేసినదాన్ని టేక్ అంటారు. 1947 అక్టోబరు 28న న్యూయార్క్‌లో డయల్ రికార్డుల సంస్థ కోసం సాక్సఫోన్ కళాకారుడు చార్లీ పార్కర్ ‘ఎంబ్రేసబుల్ యూ’ను రెండు టేకులుగా వాయించినప్పుడు, మొదటిదానిలో పుట్టిన స్వరకల్పన రెండోదానిలో ఎక్కడా తిరిగి రాలేదు. పార్కర్ ఆలోచనాశక్తి ఎంతటిదో తెలియాలంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి వినవలసిందే, అందుకు ముందుగా రెండూ వేరని ఎవరో ఒకరు గమనించి మరొకరికి చెప్పవలసిందే.

మూడు నిమిషాల పాటి సంగీతం పట్టే పాత 78 వేగపు ప్లేట్ల మీద సాధారణంగా బృందం పేరు, పాట పేరు ఉండేవి కానీ, వాయించినవారందరి పేర్లూ ఉండేవి కావు. ట్రంపెట్ ఊదినదెవరో, పియానో దగ్గర కూర్చున్నదెవరో చెవితో పోల్చుకోవలసి వచ్చేది. తొలినాటి హిందుస్తానీ ప్లేట్లలో గాయని గౌహర్ జాన్ పాట చివర తన పేరును తానే చెప్పుకున్నది కనుక వినేవారికి ఆ సందేహమన్నా లేదు. జాజ్ బృందంలో మూడో వరుసలో కూర్చుని ఎనిమిది బార్ల సోలో వాయించిన మనిషికి ఆ అవకాశం కూడా లేదు. అటువంటివారి పేర్లను ప్రధానంగా సేకర్తలే వెలికితీశారు. గాడి ముగిసేచోటికీ లేబుల్‌కూ మధ్య ఖాళీలో చెక్కి ఉండే మ్యాట్రిక్స్ సంఖ్యలను, అంటే ఏ రికార్డింగు నుంచి ఆ ప్లేటు అచ్చయిందో తెలిపే గుర్తులను, వారు ఒకరికొకరు రాసి పంపుకున్నారు. చిత్రకారులు రోబేర్, సోనియా దెలొనేల కుమారుడైన షార్ల్ దెలొనే 1936లో పారిస్‌లో ప్రచురించిన ‘హాట్ డిస్కోగ్రఫీ’ ఇటువంటి సమాచారాన్ని క్రమబద్ధం చేసిన తొలి గ్రంథాల్లో ప్రసిద్ధమైనది. రికార్డుల వివరపట్టికను డిస్కోగ్రఫీ అంటారు. విద్యాలయాలు జాజ్‌ను అధ్యయన విషయంగా స్వీకరించడానికి ఎన్నో ఏళ్ల ముందే శ్రోతలు నిర్మించిన శాస్త్రమిది.

వింటున్నదాన్ని నలుగురితో పంచుకోవడం ఒక సంస్థగా రూపుదిద్దుకున్న చోటు మాత్రం జపాన్. అక్కడి జాజ్ కిస్సాలు, అంటే జాజ్ రికార్డులు వినిపించే కాఫీ దుకాణాలు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందే మొదలయ్యాయి. యొకొహామాలోని నోగె ప్రాంతంలో యోషిదా మమోరు 1933లో తెరిచిన చిగుసా వాటిలో పేరుపొందినది. 1945 నాటి వైమానిక దాడిలో దుకాణంతోపాటు ఆయన రికార్డులు కూడా కాలిపోగా, యుద్ధం ముగిశాక ఆయన మళ్లీ మొదటినుంచి సేకరించి దుకాణాన్ని నిలబెట్టారు. పాశ్చాత్య దేశాల నుంచి దిగుమతయ్యే ఎల్పీ విద్యార్థులకూ చిన్న ఉద్యోగులకూ అందని ధర పలికిన ఆ కాలంలో, ఒక కప్పు కాఫీ వెలతో గంటల తరబడి వినగలగడం సామాన్యమైన సంగతి కాదు. అక్కడ విని నేర్చుకున్నవారిలో పియానో కళాకారిణి అకియోషి తోషికో ఒకరు. 1953లో జపాన్ పర్యటనకు వచ్చిన పియానో కళాకారుడు ఆస్కర్ పీటర్సన్ ఆమె ప్రతిభను గుర్తించారు, 1956లో ఆమె బోస్టన్‌లోని బర్క్‌లీలో చదవడానికి వెళ్లారు. సేకర్త తన ప్లేట్లను బీరువాలో దాచుకుని ఉంటే ఆ ప్రయాణం ఎలా ఉండేదో ఊహించడం కష్టం.

ఈ దుకాణాల మర్యాదలు గమనించదగినవి. వీటిలో అనేక చోట్ల మాట్లాడుకోవడం నిషిద్ధంగా ఉండేది. మనిషి ఎత్తు స్పీకర్లకు ఎదురుగా కూర్చున్నవారు తమకు కావలసిన రికార్డును కోరవచ్చు. యజమాని ఆ కోరికను అప్పటిదాకా నడిచిన సంగీతానికి పొసగే చోట చేర్చి, సుమారు ఇరవై నిమిషాల పాటు సాగే ఒక వైపును మాత్రం పూర్తిగా వినిపిస్తాడు. ముల్లు ప్లేటు మీద ఆనేవేళకు ఆ ఎల్పీ అట్టను అందరికీ కనబడేలా నిలబెడతాడు. ప్రస్తుతం మోగుతున్నది ఇదని చెప్పడానికి ఇంతకంటే నిరాడంబరమైన పద్ధతి మరొకటి ఉండదు. ఎందుకంటే ఆ అట్ట తన యజమాని గొప్పను చాటదు, ఆ క్షణంలో గదిలోని వారందరూ దేన్ని వింటున్నారో దానికి సాక్ష్యంగా మాత్రమే నిలుస్తుంది. నవలా రచయిత హరుకి మురకామి కూడా రచయితగా పేరు పొందక ముందు, 1974 నుంచి, పీటర్ క్యాట్ అనే ఇటువంటి దుకాణాన్ని నడిపారు.

కలిసి వినడం ఒక రికార్డు గతినే మార్చగలదనడానికి సానీ క్లార్క్ ఉదాహరణ చాలు. 1931లో జన్మించిన ఈ పియానో కళాకారుడు 1958 జనవరిలో బ్లూ నోట్ సంస్థకు ‘కూల్ స్ట్రటిన్’ రికార్డు చేశాడు. ఆర్ట్ ఫార్మర్ ట్రంపెట్, జాకీ మక్లీన్ ఆల్టో సాక్సఫోన్, పాల్ చేంబర్స్ బేస్, ఫిలీ జో జోన్స్ డ్రమ్స్ వాయించారు. 1963 జనవరిలో, ముప్ఫై ఒక్కేళ్ల వయసులో చనిపోయేనాటికి స్వదేశంలో ఆయనకు దక్కిన గుర్తింపు స్వల్పం. అదే రికార్డును, పేవ్‌మెంట్ మీద నడుస్తున్న స్త్రీ పాదాలున్న అదే అట్టను, జపాన్ శ్రోతలు తమ జాజ్ అభిరుచికి చిహ్నంగా స్వీకరించారు. ఆ ఆదరణకు ప్రకటనల కంటే కిస్సాలలో కోరి కోరి వినడమే ప్రధాన కారణమని నమ్మవచ్చు. క్లార్క్ జీవితకాలంలో వెలుగుచూడని కొన్ని రికార్డింగులు 1970ల చివర్లో మొదట జపాన్‌లోనే విడుదలయ్యాయి. మరణించిన కళాకారుడికి శ్రోతలు చేయగల సేవల్లో ఇంతకంటే విలువైనది మరొకటి తట్టదు.

సేకర్తల సంభాషణలో మరో పాయ ఉంది. బ్లూ నోట్ ఎల్పీ అయితే, గాడి చివరి ఖాళీలో రికార్డింగు ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ పేరు పొడి అక్షరాలు ఉన్నాయా, 1966 దాకా ఆ సంస్థకు ప్లేట్లు అచ్చొత్తిన ప్లాస్టిలైట్ కర్మాగారం గుర్తు ఉందా, లేబుల్ మీద చిరునామా ఏది అని వెదికి అది తొలి ముద్రణో కాదో నిర్ణయిస్తారు. ఈ పరిశీలనను తోసిపుచ్చడానికి వీల్లేదు. వాన్ గెల్డర్ స్వయంగా గాడి కోసిన ప్లేటుకూ తర్వాతి ముద్రణకూ ధ్వనిలో తేడా నిజంగానే వినబడుతుంది, అది సంగీతానికి సంబంధించిన తేడాయే. అయినా మాట అక్కడే ఆగిపోయి, ధర దగ్గర ముగిసినప్పుడు ప్లేటు సంగీతానికి దూరమై వెండి బంగారాల కోవలో చేరుతుంది. మాట్లాడుకుంటున్న ఇద్దరిలో ఎవరూ దాన్ని ఈ మధ్య వినలేదేమోనన్న అనుమానం కూడా కలుగుతుంది.

ఇప్పుడు దాదాపు ఏ రికార్డింగయినా క్షణంలో ఎవరి చెవికైనా అందుతున్నందున, ఫలానాది దొరికిందన్న కబురుకు వెనకటి బరువు లేదు. దానిలో ఏం వినబడిందన్నదే మిగిలింది. ఈ వారం ‘కూల్ స్ట్రటిన్’ వింటున్నానని ఒక సేకర్త చెప్తే అది పేరు మాత్రమే. ప్రసిద్ధమైన మొదటి వైపును పక్కన పెట్టి రెండో వైపునే తిప్పుతున్నానంటే అది అభిప్రాయం. మొదటి వైపు పాటలు రెండూ క్లార్క్ సొంత రచనలు కాగా, రెండో వైపు ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ రచన ‘సిప్పిన్ అట్ బెల్స్’తోనూ, 1929 నాటి పాత పాట ‘డీప్ నైట్’తోనూ నడుస్తుంది. పరాయి రచనల్లో ఆ పియానో ఎలా మెసలుతుందో గమనించమని ఆ సేకర్త చెప్తున్నట్టు లెక్క, విన్నవాడు ఇంటికి వెళ్లి ఆ వైపు ఒకసారి వేసి చూసి, ఒప్పుకోనైనా ఒప్పుకుంటాడు, లేదా మొదటి వైపు పక్షాన మళ్లీ వాదనకైనా వస్తాడు.