కొరియాను చదివే పద్ధతి

ఈ ఏడు మా విద్యార్థులు రాసి ఇచ్చిన పరిశోధన వ్యాసాల్లో కొరియా సమాజాన్ని గురించీ సంస్కృతిని గురించీ రాసినవి చాలానే వున్నాయి. తెలుగు శాఖలో కొరియా ఏమిటని సహోద్యోగి ఒకరు నవ్వారు. నవ్వవలసిందేమీ లేదు. పిల్లలు ఆ దేశపు నాటకాలు చూస్తున్నారు, పాటలు వింటున్నారు, కొందరు ఆ అక్షరాలు దిద్దుకుంటున్నారు. పెనుకొండ దగ్గర కియా కర్మాగారంలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి గనుక ఆ భాష వస్తే ఉద్యోగం వస్తుందన్న ఆశ కూడా కొందరికి వుంది. కారణమేదైనా ఆసక్తి వున్నమాట నిజం. ఆ ఆసక్తిని ఏ దారిన నడిపించాలన్నదే ఉపాధ్యాయుల ముందున్న ప్రశ్న.

ఈ వ్యాసాల్లో చాలావాటిది ఒకే పోత. మొదట హంగుల్ లిపి గొప్పతనం. తరవాత యుద్ధంలో బూడిదయిన దేశం. ఆ తరవాత "హాన్ నది అద్భుతం". చివర సినిమాలూ సంగీతమూ. దేశం కష్టపడింది, దేశం పైకి వచ్చింది. ఎవరు కష్టపడ్డారు, ఎవరు పైకి వచ్చారు? ఆ ప్రశ్నే లేదు. 'దేశం' అనే ఒక్క కర్త అన్ని క్రియలకూ సరిపోయింది.

లిపి సంగతే తీసుకుందాం. సెజోంగ్ రాజు 1443లో ఆ అక్షరాలను సిద్ధం చేయించి 1446లో లోకానికి ప్రకటించాడు. నాలుకా పెదవులూ గొంతూ పలికే తీరును బట్టి హల్లులకు రూపం కట్టడం గొప్ప ఆలోచనే. దీన్ని "రాజు ప్రజలకిచ్చిన కానుక" అని మా విద్యార్థి ఒకడు రాశాడు. మంచిదే. కాని ఆ కానుక ప్రజల చేతికి ఎప్పుడు అందింది? 1444లోనే చ్వే మల్లి అనే ఆస్థాన పండితుడు రాజుకు విన్నపం పెట్టుకున్నాడు. చైనా అక్షరాలను కాదని సొంత అక్షరాలు పెట్టుకోవడం అనాగరికులు చేసే పని అని దాని సారాంశం. ఆయన మూర్ఖుడు కాడు, తన వర్గానికి చదువు ఎంత పెద్ద ఆస్తో బాగా ఎరిగినవాడు. ప్రభుత్వ పత్రాలకు హంగుల్ ఆధారం కావడానికి 1894 దాకా ఆగవలసి వచ్చింది. ఈ నాలుగున్నర శతాబ్దాలూ ఆ లిపి ఎక్కువగా స్త్రీల ఉత్తరాల్లోనూ కథల్లోనూ బతికింది. గిడుగు రామమూర్తి పంతులుగారిని పండితులు ఎలా ఎదుర్కొన్నారో తెలిసిన తెలుగు విద్యార్థికి ఇది కొత్త కథ కాదు. అయినా మా వ్యాసకర్త ఆ పోలిక జోలికి పోలేదు.

ఈ లిపి కథ 1894తో ముగియలేదు. దాని అసలు అధ్యాయం నాకు సియోల్ నగరంలో ప్యోంగ్‌హ్వా మార్కెట్టు కుట్టుపని గదుల్లో కనబడుతుంది. దక్షిణ కొరియా కార్మిక ప్రమాణాల చట్టం 1953లోనే వచ్చింది. రోజుకు ఎనిమిది గంటల పని అందులో వున్నది. 1960ల చివర ఆ మార్కెట్టులో మనిషి నిటారుగా నిలబడలేని అటకల మీద, దుమ్ములో, పదమూడు పద్నాలుగేళ్ల ఆడపిల్లలు రోజుకు పద్నాలుగు గంటలు పనిచేశారు. అక్కడ బట్టలు కత్తిరించే జోన్ తేఇల్‌కు బడి చదువు సరిగా సాగలేదు. ఇలాంటి చట్టమొకటి వుందని తెలుసుకుని పుస్తకం కొన్నాడు. అది నిండా చైనా అక్షరాలు. ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చదివాడు. తనకొక కాలేజీ విద్యార్థి స్నేహితుడుంటే బాగుండునని అనుకునేవాడట. శ్రామికుడికి మేలు చేసే చట్టాన్ని శ్రామికుడు చదవలేని అక్షరాల్లో అచ్చువేశారన్నమాట. సెజోంగ్ కానుకను గురించి రాసేవాళ్లు ఈ పుస్తకాన్ని గురించి కూడా రాయాలి.

అతడు చదివి వూరుకోలేదు. పరిశోధన చేశాడు. నేనీ మాట అలంకారానికి వాడటం లేదు. ప్రశ్నపత్రాలు తయారుచేసి తోటి పనివాళ్లకు పంచాడు. ఎన్ని గంటల పని, ఎన్ని సెలవులు, ఏ జబ్బులు అని అడిగాడు. మొదటిసారి యజమానుల భయంతో కొద్దిమందే నింపి ఇచ్చారు. 1970లో 126 పత్రాలు తిరిగివచ్చాయి. వాటి ఆధారంగా అక్టోబరులో ప్రభుత్వ కార్మిక శాఖకు అర్జీ పెట్టారు. ఫలితం లేకపోయింది. 1970 నవంబరు 13న, చట్టాన్ని అమలు చేయండి, మేము యంత్రాలం కాము అని కేకలు వేస్తూ ఒంటికి నిప్పు పెట్టుకుని అతడు చనిపోయాడు. అప్పటికి ఇరవై రెండేళ్లు. ఆ నెలలోనే అక్కడ కార్మిక సంఘం ఏర్పడింది. అతని తల్లి ఈ సోసోన్ 2011లో కన్నుమూసేదాకా కార్మికోద్యమంలోనే వున్నది. న్యాయవాది చో యోంగ్‌రే రాసిన అతని జీవిత చరిత్ర 1983లో కొరియాలో వెలువడినప్పుడు రచయిత పేరు వేసుకునే వీలు కూడా లేదు.

ఆ మరణం తరవాత విద్యార్థులు కదిలారు. రాత్రిబడులు పెట్టారు. 1980లలో కొందరు తమ చదువు సంగతి దాచి కార్మికులుగా కర్మాగారాల్లో చేరారు. సాహిత్యంలో దీని జాడ చూడాలంటే 1978లో పుస్తకంగా వచ్చిన చో సేహీ 'మరుగుజ్జు' కథలు చదవాలి. అద్భుతం కోసం కూల్చిన ఇళ్లు అందులో వున్నాయి.

కొరియన్ల స్వభావమే 'హన్' అనే తీరని దుఃఖమని ఇద్దరు విద్యార్థులు రాశారు. జాతికొక ఆత్మను అంటగట్టే ఈ పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. కొరియా కళకు ప్రాణం విషాదమన్న మాటకు ప్రచారం తెచ్చినవారిలో ముఖ్యుడు 1920 ప్రాంతపు జపాను విమర్శకుడు యానగి మునెయోషి. ఆయన కొరియా కళను ప్రేమించినవాడే. కాని అప్పుడు కొరియా జపాను పాలన కింద వుంది. పాలకదేశం వాడికి పాలితుల దుఃఖం ప్రకృతి సహజంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఈనాడు మనం దాన్ని తిరిగి అప్పగించనక్కరలేదు.

అన్నింటిలో మంచి వ్యాసం 'స్క్విడ్ గేమ్' మీద ఒక విద్యార్థిని రాసింది. అందరూ ఆ నాటకంలో రక్తాన్ని చూస్తే, ఈమె నాయకుడి పాత ఉద్యోగాన్ని చూసింది. అతణ్ణి తొలగించిన కంపెనీ పేరు డ్రాగన్ మోటార్స్. కొరియాలో 2023 దాకా సాంగ్‌యాంగ్ అనే పేరుతో మోటారు కంపెనీ వుండేది, ఆ మాటకు జంట డ్రాగన్లని అర్థం. 2009లో సుమారు 2,600 మందిని తీసివేస్తామంటే ప్యోంగ్‌టేక్‌లో కార్మికులు కర్మాగారాన్ని ఆక్రమించి 77 రోజులు సమ్మె చేశారు. పోలీసులు అణచివేశారు. ఇంతవరకు ఆ అమ్మాయి తానే వెతికి పట్టుకున్నది. అక్కడ వ్యాసం ఆగిపోయింది. ఆగవలసిన చోటు అది కాదు. 2013లో న్యాయస్థానం ఆ సమ్మెకు నష్టపరిహారంగా 470 కోట్ల వన్‌లు కట్టమన్నది. 2014లో ఒక పాఠకురాలు అందులో లక్షో వంతు, 47,000 వన్‌లు, కవరులో పెట్టి ఒక పత్రికకు పంపింది. వేలమంది ఆమెను అనుసరించారు. ఒకప్పుడు జీతం పసుపుపచ్చ కవరులో ఇచ్చేవారు గనుక ఆ ఉద్యమానికి ఆ పేరే వచ్చింది. సమ్మె చేసినవారి మీద ఇలాంటి దావాలకు హద్దు పెట్టే 'పసుపు కవరు' చట్టాన్ని 2025 ఆగస్టులో జాతీయసభ ఆమోదించింది.