సినిమాలో తప్పులు పట్టుట

మార్కాపురపు రాతిపలకకు సినిమాతో చుట్టరికమున్నది. దృశ్యసంఖ్య వ్రాసి కెమేరా ముందు ‘క్లాప్’ కొట్టు పలక కూడ పూర్వము అట్టి రాతితో చేసినదే. అంత లెక్క వ్రాసికొన్నను, కథాక్రమము తప్పించి చిత్రించుటచేత, ఒక షాటులో చేతనున్న గడియారము మరుసటి షాటులో మాయమగుచుండును. దానిని పట్టినవాడు మిత్రులలో పండితుడు!

పట్టుట తేలిక గాదు. 1997లో లెవిన్, సైమన్స్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగములో, చిన్న చిత్రమున షాటు మారగానే నటుడే మారిపోయెను. చూచినవారిలో సుమారు మూడింట రెండువంతులమంది గుర్తింపలేదు. కథవెంట పోవు దృష్టి తక్కినవానిని విడిచిపెట్టును.

అయినను గడియారమును పట్టిన కన్ను పాముకాటు దృశ్యమును ఏల విడిచిపెట్టవలె? నాయకుడు గాయమునుండి విషము పీల్చి ఉమ్మును, నాయిక కన్నులు తెరచును, హాలులో చప్పట్లు. నిజమునకు విషము వెంటనే కండలోనికి వ్యాపించును. పీల్చినచో వచ్చునది అత్యల్పము. పైగా గాయము చెడును. నల్లమల అంచున గిద్దలూరు పొలములలో పనిచేయువారికిది వినోదము గాదు. కోయక, కట్టు బిగింపక, కాటుపడిన కాలుచేతులు కదలనీయక ఆసుపత్రికి చేర్చవలెను. అచ్చట ఇచ్చు విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషమునకు పనిచేయును.