నిలబడే హక్కు, తప్పుకునే షరతు

చిన్న పార్టీ అన్ని చోట్లా పోటీ చెయ్యాలా, వద్దా? ఈ ప్రశ్న అందరినీ ఒకేలా అడగరు. మా దాకా వచ్చేసరికి అది ప్రశ్నగా ఉండదు, నేరారోపణ అవుతుంది.

2019లో విశాఖ లోక్‌సభ స్థానంలో తెలుగుదేశం మీద వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ 4,414 ఓట్ల తేడాతో గెలిచింది. మూడో స్థానంలో నిలిచిన జనసేనకు 2 లక్షల 88 వేల పైచిలుకు ఓట్లొచ్చాయి. ఆ ఓట్లేసినవాళ్లని మతం పేరుతో ఎవరూ బోనెక్కించలేదు. 2020లో బీహార్‌లో మజ్లిస్ 243 స్థానాల్లో 20 చోట్ల నిలబడి 5 గెలిస్తే మాత్రం 'బి టీమ్' అన్నారు. మా సెక్యులర్ మిత్రులూ అన్నారు. వాళ్లు నిలబడితే ప్రత్యామ్నాయం, మేం నిలబడితే ద్రోహమా?

అలాగని అంతటా నిలబడటమే ఆత్మగౌరవమని మేం అనడం లేదు. 2009లో లోక్‌సత్తా రెండొందలకు పైగా స్థానాల్లో పోటీచేసి కూకట్‌పల్లి ఒక్కటే గెలిచింది. 2019లో జనసేన వందకు పైగా స్థానాల్లో దిగితే రాజోలు ఒక్కటే దక్కింది. ఉక్కు కార్మికులుండే గాజువాకలో పార్టీ అధ్యక్షుడే ఓడిపోయాడు. పలచగా పరుచుకున్న ఓటు సీటు కాదు. ఆరోవంతు ఓట్లు రాకపోతే డిపాజిట్టూ దక్కదు. 2024లో అదే పార్టీ గాజువాకను తెలుగుదేశానికి వదిలి, 21 అసెంబ్లీ, 2 లోక్‌సభ స్థానాలకే దిగి అన్నీ గెలిచింది. ఓడరేవు పక్కనున్న విశాఖ దక్షిణం వాటిలో ఒకటి.

తప్పుకోవడం తప్పు కాదు. దేనికి తప్పుకున్నారో చెప్పకపోవడం తప్పు. నూరు శాతం వాటా అమ్మకానికి 2021 జనవరిలో కేంద్రం ఒప్పుకున్న ఉక్కు ఫ్యాక్టరీ గురించి, కేంద్రాన్ని ఏలే పార్టీతో పొత్తులో ఏ షరతు పెట్టారని గాజువాక అడగాలి.

మజ్లిస్‌నీ అదే అడుగుతాం. 2018లో తెలంగాణలో 119కి 8 చోట్ల నిలబడి 7 గెలిచింది. తక్కిన చోట్ల టి.ఆర్.ఎస్.కు ఓటెయ్యమంది. మా రిజర్వేషన్ని 12 శాతానికి పెంచుతూ 2017లో అసెంబ్లీ ఆమోదించిన బిల్లు అప్పటికి అమలుకే రాలేదు. పాతబస్తీకి సీట్లు మిగిలాయి. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే మా ఆడవాళ్లకు ఏం మిగిలింది?

ఉర్దూలో సౌదా వేరు, ముఆహిదా వేరు. సౌదా అంటే బేరం, చాటుగానూ కుదురుతుంది. ముఆహిదా అంటే ఒప్పందం, పదిమంది ముందు చదవాలి, గడువు పెట్టాలి, తప్పితే నిలదియ్యాలి. విశాఖలో మేం కొద్దిమందిమి. ఒంటరిగా గెలిచే సీటు మాకు లేదు. కాబట్టి మాకు కావలసింది ముఆహిదాయే. గెలవగలిగిన చోట నిలబడాలి, లేనిచోట షరతులు బజార్లో చదివి తప్పుకోవాలి.

త్యాగం మా ఒక్కరి వంతే ఎందుకు కావాలి? ఓట్లు చీలతాయి, తప్పుకోండని చెప్పే సెక్యులర్ మిత్రులారా, మాకోసం మీరు తప్పుకునే సీటు ఏదో ముందు చెప్పండి.