నడపీనుఁగుల చిత్రకథలు: రసౌచిత్యవిచారము

శవము లేచి నడచుట భారతీయకథాసాహిత్యమునకుఁ గ్రొత్త గాదు. సోమదేవుని కథాసరిత్సాగరమునఁ జేరిన వేతాళపంచవింశతిలో, గోదావరీతీరమందలి ప్రతిష్ఠానము నేలు త్రివిక్రమసేనుఁడు శింశపావృక్షమున వ్రేలాడు పీనుఁగును భుజముపై నిడుకొని నడచును. దానియం దావేశించిన వేతాళుఁడు కథ చెప్పి ప్రశ్న వేయును. రాజు మౌనము వీడఁగనే మరలఁ జెట్టెక్కును. 1947 జూలైలో మదరాసునఁ బ్రారంభమైన చందమామ పత్రిక యీ కథాకవచము నాశ్రయించి, ఇరువదియైదుతో నాఁగక, క్రొత్తకథలను జిరకాలము నడపినది. శంకర్ అను పేర బొమ్మలు వ్రాసిన కె. సి. శివశంకరన్ చిత్రములో, కత్తి చేతఁ బట్టి పీనుఁగును మోయు రాజు రూపము తెలుఁగు పాఠకులకుఁ గథకంటె ముందుగా జ్ఞప్తికి వచ్చును.

కావున జాంబీ కథలను బొమ్మలలో వ్రాయు నేఁటి యువకులను జూచి, ఇది మ్లేచ్ఛవికారమని పండితులు మొగము ద్రిప్పుకొనుట పరిశీలనలేని పని. ఐనను వేతాళుఁడును జాంబీయు నొకటే యనుటయుఁ దగదు. జాంబీ హైతీ దేశపు విశ్వాసము. అచ్చటఁ జచ్చినవాఁడు మంత్రబలమున లేచి యన్యుని పొలమున బానిసయై పాటుపడును. 1929లో సీబ్రూక్ అను నమెరికా రచయిత గ్రంథముచేత నీ మాట లోకమున వ్యాపించినది. 1968లో జార్జి రొమేరో తీసిన చలనచిత్రమున శవములు గుంపులై లేచి మనుష్యులను దినుటతో రూపము మాఱినది. పేరు మార్చునపుడు స్వామ్యప్రకటనము పడక పోవుటచే నా చిత్రము నాఁటి యమెరికా చట్టము ననుసరించి సర్వజనాధీనమయ్యెను. ధనబలము లేని చిత్రకథకుల కీ వస్తువు సులభముగా దొరకుట కిది యొక కారణము.

అంతకు మున్ను 1954లో నమెరికా ప్రచురణకర్తలు తమకుఁ దామే విధించుకొన్న నియమావళి, నడచు శవములను జిత్రకథలలోఁ జూపరాదని నిషేధించెను. 1971లో రక్తపిశాచములకు సడలింపు లభించినను జాంబీకి లభింపలేదు. అప్పుడు మార్వెల్ సంస్థ 'జువెంబీ' యను మాటను దెచ్చి శవమును యథాప్రకారము నడపెను. అర్థము విడువక శబ్దమును మార్చి శాసనమును దాఁటిన యీ యుపాయము వైయాకరణులకు నవ్వు పుట్టింపకపోదు.

స్వతంత్రప్రచురణమునకు దృష్టాంతముగా రాబర్ట్ కిర్క్‌మన్ రచించిన 'ది వాకింగ్ డెడ్' చాలును. 2003 అక్టోబరు మొదలు 2019 జూలై వఱకు 193 సంచికలు వెడలినవి. మొదటి యాఱింటికి టోనీ మూర్, తరువాతివానికిఁ జార్లీ అడ్లార్డ్ బొమ్మలు వ్రాసిరి. సంచికలు నలుపు తెలుపులోనే వచ్చినవి. ప్రచురించిన ఇమేజ్ సంస్థ స్వామ్యమును గర్తలకే విడిచినది.

ఈ కథలలోఁ బరిశీలింపఁదగిన విషయము వాక్కు. వేతాళావిష్టమైన శవము బ్రతికియున్నవానికంటె నధికముగా మాటలాడును, ధర్మసూక్ష్మము నడుగును. జాంబీకి మాట లేదు. శబ్దానుగమము లేని జ్ఞానమే లేదని భర్తృహరి మతము. ఆ మతమున నడచు శరీరమునుండి వాక్కును దీసివేసినచోఁ జైతన్యమే తొలఁగినది. చిత్రకథలో నిది కన్నులకుఁ గానవచ్చును. బ్రతికినవాని నోటిచెంత మాటబుడగ యుండును, చచ్చినవానిచెంత వట్టి ధ్వని యుండును. పాణిని యవ్యక్తానుకరణమని పేర్కొన్న దీ ధ్వనినే. తెలుఁగున నిట్టి యనుకరణములకుఁ గొదవ లేదు. పటపట, గుఱగుఱ, కటకట, బొటబొట యని పిల్లవాఁడును జెప్పఁగలఁడు. ఇంత సంపద యుండఁగా నాంగ్లపు మూలుగులను దెలుఁగులిపిలో నెత్తి వ్రాయుట దారిద్ర్యము. పేరుకును దారిద్ర్యము లేదు. నడపీనుఁగు, జీవచ్ఛవము అను మాటలు భాషలో నున్నవి. ఐనను వ్యాధివలెఁ బ్రాకు గుంపును జెప్పునపుడు జాంబీ యను రూఢపదమునే యుంచుట మేలు.

రసవిషయమున, భయానక బీభత్సములే ప్రధానములని తోఁచును. కాని లేచి వచ్చినవాఁడు నిన్నటి తండ్రియో, తమ్ముఁడో యైనపుడు శోకము మున్ముందుగాఁ బుట్టును. కరుణము నంగిగాఁ జేసి, జుగుప్స నంగముగా నిలిపిన చిత్రకథలే మరల చదువఁబడును. రక్తమును మాత్రమే నమ్మినవి రెండవమాఱు చేతఁ బట్టఁబడవు. 2021లో వచ్చిన 'జాంబీరెడ్డి' చలనచిత్రము కర్నూలు సీమ కక్షలను గథకు నాధారముగాఁ గొనుట యీ దృష్టితో మెచ్చఁదగినది. హాస్య మధికమై శోకము నిలువలేదు గాని, భయమునకు స్వదేశకారణమును వెదకుట సరియైన త్రోవ.

నల్లగొండ సీమ కింకొక చిక్కు గలదు. నకిరేకల్లు, నార్కట్‌పల్లి మండలముల నడుమ హైదరాబాదు విజయవాడ రాజమార్గముపై నున్న కట్టంగూరున నొక విద్యార్థి కలమును గాగితమును బట్టి నడపీనుఁగును వ్రాయఁ బూనెననుకొందము. వంగిన వెన్ను, బిగిసిన కీళ్లు, వంకరకాళ్లు — పాశ్చాత్యచిత్రములనుండి యతఁడు నేర్చు గుర్తు లివియే. కాని మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో నీటిలోని ఫ్లోరైడువలన నెముకలు వంగిన వారిని జూచిన పాఠకునకు నా రేఖ భయమును గాక యవమానమును దోఁపించును. పటిక సున్నములతో నీటిని శోధించు పద్ధతికి లోకమున 'నల్లగొండ' పేరు నిలిచిన దనఁగా నీ బాధ యెంతదో యూహింపవచ్చును. క్షేమేంద్రుఁడు చెప్పిన యౌచిత్య మిచ్చట నలంకారశాస్త్రపు మాట మాత్రమే కాదు. రోగియొక్క దేహమును శవమునకు గుఱుతుగా వాడరాదు. శవత్వమును గన్నులలో, ధ్వనిలో, గుర్తింపు లేని చూపులోఁ జూపవలయును. పైఁగా హైతీ కథలోని మూలార్థము, అనఁగా జచ్చియుఁ జాకిరి తప్పని బానిసబ్రతుకు, వెట్టిచాకిరి నెఱిఁగిన తెలంగాణమునకు వంగిన యెముకలకంటె నెంతయో సమీపము.

చిత్రములతోఁ గథ నడపుట యీ సీమకు నేర్పవలసిన విద్యయు గాదు. చేర్యాల నకాషీలు చింతగింజల యంబలి, సుద్ద పూసిన గుడ్డపై నెఱ్ఱని నేల వేసి, బొమ్మలను వరుసలు వరుసలుగా వ్రాయుదురు. కూనపులివారు పద్మశాలీలకు, కాకిపడగలవారు ముదిరాజులకు, డక్కలివారు మాదిగలకుఁ బటము విప్పి కులపురాణము వినిపించిరి. అచ్చటఁ బటము గాయకునిది. వ్రాసినవాఁడు వేఱు, చెప్పువాఁడు వేఱు. నేఁటి స్వతంత్రచిత్రకథకుఁడు తఱచుగా రెండును దానే యగుటచేఁ జెప్పువాని గొంతు బుడగలోనికిఁ గుదింపఁబడును.

ఈ కుదింపుననే తెలుఁగులిపి బాధ పెట్టును. ఆంగ్లలేఖకుఁడు పెద్దయక్షరములను సమపంక్తిగాఁ బేర్చును. తెలుఁగున గుడులు పైకి, ఒత్తులు క్రిందికిఁ బోవుటచే నదే బుడగలో మూఁడు పంక్తులకు బదులు రెండే పట్టును. అక్షరమును జిన్నది చేయుట పలువురు పట్టిన మార్గము. దానివలన నకలుయంత్రమునఁ దీసిన ప్రతిలో నొత్తులు నల్లని మచ్చ లగును. సంయుక్తాక్షరములు తక్కువయైన దేశ్యపదములను నోటిమాటకు నేఱుట మంచిమార్గము. భయపడినవాని నోట 'రక్షింపుఁడు' కంటె 'కాపాడండి' బుడగలో నిముడును, వినుటకును సహజముగా నుండును.