పొరపాటుకి కర్త ఎవరు?

జహీరాబాద్‌లో పెరిగినవాళ్లకి రెండు శబ్దాలు బాగా అలవాటు. ఒకటి ముంబై హైవే మీద లారీల హారన్లు. రెండోది బీదర్ వైపు నుంచి వచ్చే ఎయిర్‌ఫోర్స్ శిక్షణ విమానాల రొద. చిన్నప్పుడు మా ఇంటికి దగ్గర్లో హైవే పక్కన ఒక లారీ మెకానిక్ షెడ్డు ఉండేది. అక్కడి ఉస్తాద్ ఒకసారి విప్పిన స్ప్లిట్ పిన్నుని మళ్లీ వాడనిచ్చేవాడు కాదు. "పాతది పెడ్తే ఇయ్యాల పట్టుకుంటది, రేపు ఇడుస్తది" అనేవాడు. డ్రైవర్ పక్కన నిలబడి "జల్దీ కానియ్ భాయ్" అంటున్నా సరే, చిల్లర పైసల పిన్ను కోసం కుర్రాణ్ని బజారుకి తోలేవాడు.

చాలా ఏళ్ల తర్వాత ఒక అమెరికన్ ప్రమాద నివేదిక చదువుతుంటే ఆ ఉస్తాద్ గుర్తొచ్చాడు.

2011 డిసెంబర్ 7న లాస్ వేగాస్ దగ్గర పర్యాటకుల హెలికాప్టర్ ఒకటి కూలిపోయింది. పైలట్‌తో సహా ఐదుగురూ చనిపోయారు. దర్యాప్తు చేసింది ఎన్‌టీఎస్‌బీ, అంటే అక్కడి రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ. ప్రమాదానికి ముందురోజే ఆ హెలికాప్టర్‌కి మెయింటెనెన్స్ జరిగింది. ప్రధాన రోటర్‌ని నడిపే ఒక సర్వో దగ్గర, అరిగిపోయిన సెల్ఫ్-లాకింగ్ నట్‌నే మళ్లీ బిగించారు. స్ప్లిట్ పిన్ను సరిగా పెట్టలేదు, లేదా అసలు పెట్టనే లేదు. తనిఖీలో అది ఎవరి కంటా పడలేదు. గాల్లో ఆ బోల్టు ఊడిపోయింది, పైలట్ చేతిలోంచి నియంత్రణ పోయింది.

ఇక్కడిదాకా ఏ పత్రికైనా రాస్తుంది. రాసి, పైన "మానవ తప్పిదం" అని హెడ్డింగ్ పెడుతుంది. నివేదిక మాత్రం ఇక్కడ ఆగదు. ఆ మెకానిక్ మామూలుగా ఏ షిఫ్టులో పనిచేస్తాడు, ఆ రోజు ఎన్నింటికి రమ్మన్నారు, ముందు రాత్రి ఎప్పుడు పడుకున్నాడు అని అడుగుతుంది. అలవాటు లేని పొద్దుటి షిఫ్టు, మెకానిక్‌కీ ఇన్‌స్పెక్టర్‌కీ ఇద్దరికీ అలసట, అంచెలంచెలుగా స్పష్టంగా రాసి లేని పని వివరాలు... ఇవన్నీ ప్రమాదానికి తోడ్పడ్డాయని రాస్తుంది. అందులో ఆ మనుషులకి పేర్లుండవు. "మెకానిక్", "ఇన్‌స్పెక్టర్", అంతే. నాకైతే అది మంచి కథనం. విలన్ లేడు, అయినా బాధ్యత మాయమైపోదు.

మన భాషలో ఈ విషయానికి మాటలు తక్కువేం లేవు. తప్పు, పొరపాటు, ఏమరుపాటు, నిర్లక్ష్యం. నాలుగూ నాలుగు రకాలు. తప్పుకి శిక్ష ఉంటుంది, పొరపాటుకి క్షమాపణ ఉంటుంది. ఏమరుపాటులో మనసు ఒక్క క్షణం పక్కకి పోతుంది, నిర్లక్ష్యంలో మనమే దాన్ని పక్కన పెడతాం. "మానవ తప్పిదం" ఈ నాలుగింటినీ ఒకే గంపలో వేసేస్తుంది. "మానవ తప్పిదం వల్ల ప్రమాదం జరిగింది" అన్న వాక్యంలో తప్పు చేసిన కర్త కనపడడు. కర్త లేకుండానే నేరం మోపే వాక్యం అది. ఆ ఖాళీలో చివరిగా స్పానర్ పట్టుకున్నవాడిని మనమే కూర్చోబెడతాం.

2009 సెప్టెంబర్ 2న మనం చేసిందీ అలాంటిదే. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకి బయల్దేరిన ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్, బెల్ 430, నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలింది. ఐదుగురు పోయారు. అప్పుడు నేను ఇంజనీరింగ్‌లో ఉన్నాను. హాస్టల్ టీవీ ముందు మాకు రెండే కథలు తట్టాయి: కుట్ర, లేకపోతే విధి. ఆర్.కె. త్యాగి కమిటీ నివేదిక మూడో కథ చెప్పింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక లైటు వెలిగింది. ఏం చేయాలో మాన్యువల్‌లో వెతుకుతూ సిబ్బంది విలువైన నిమిషాలు పోగొట్టుకున్నారు, కావాల్సింది దొరకలేదు. ఈలోగా హెలికాప్టర్ దట్టమైన వానమబ్బులో పడి, బలంగా కిందికి తోసే గాలికి చిక్కింది. ఇది మెకానిక్ చేసిన పొరపాటు కథ కాదు. కానీ "పైలట్ తప్పు" అనేసి పుస్తకం మూసేస్తే, అవసరమైన క్షణంలో ఆ పేజీ ఎందుకు దొరకలేదన్న ప్రశ్న కూడా మూతపడిపోతుంది.

1990ల మొదట్లో కెనడాలో గోర్డన్ డుపాంట్ మెయింటెనెన్స్ పొరపాట్లకి పన్నెండు కారణాలతో ఒక జాబితా చేశాడు. అలసట, ఒత్తిడి, ధ్యాస మళ్లడం, ఇంకా ఇలాంటివి. అందులో నన్ను పట్టుకున్నవి రెండు. ఒకటి, గట్టిగా "కాదు" అనలేకపోవడం. రెండు, "ఇక్కడ అందరం ఇలాగే చేస్తాం" అనే అలవాటు. ఈ రెండూ ఒక్క మనిషి లోపల ఉండేవి కావు, మనుషుల మధ్య ఉండేవి. కథకులకి కావాల్సిన సరుకంతా అక్కడే ఉంది. నేను చదివిన మన కార్మిక కథల్లో యంత్రం మనిషిని మింగుతుంది, యజమాని పిండుకుంటాడు. అది నిజమే. కానీ తన చేతి పొరపాటుతో ఇంకొకరు చచ్చిపోతే, ఆ చేయి తర్వాత ఎలా అన్నం కలుపుకుంటుందో రాసినవి నాకు దాదాపు దొరకలేదు.

ఆ అమెరికన్ నివేదికతోనూ నాకొక పేచీ ఉంది. దాని తీర్పు వాక్యంలో ముందు నట్, పిన్ను, తనిఖీ వస్తాయి. అలసట తర్వాత వస్తుంది, "తోడ్పడిన" కారణంగా. వరుస కూడా ఒక వ్యాఖ్యానమే కదా. షిఫ్టు మార్చిన చేయి, నట్ తిప్పిన చేతికంటే వెనక బెంచీలో కూర్చుంటుంది.

ఇంత సుళువుగా చెప్తున్నాను గానీ, నేనూ అలాంటి వాక్యం రాశాను. ఒక రాత్రి మా టీమ్ విడుదల చేసిన కోడ్ వల్ల సర్వీస్ కొన్ని గంటలు పడిపోయింది. ఎవరూ చనిపోలేదు, మా పనిలో ఆ అదృష్టం ఉంది. మర్నాడు రూట్ కాజ్ డాక్యుమెంట్ రాసింది నేనే. "చెక్‌లిస్టులో ఒక స్టెప్ మిస్సయింది. కారణం: మానవ తప్పిదం." పేరు పెట్టలేదు. పెట్టక్కర్లేదు కూడా, ఆ స్టెప్ ఎవరిదో అందరికీ తెలుసు. ఆ ఏడాది అప్రైజల్‌లో ఆ కుర్రాడు దానికి మూల్యం చెల్లించాడు. రాత్రి ఒంటిగంటకి అతను "అన్నా, చెక్‌లిస్టు ఇంకా కాలేదు" అంటే, "అది తర్వాత చూద్దాం, ముందు తోసెయ్" అన్నది నేను. క్లయింట్ కాల్‌లో ఎదురుచూస్తున్నాడు మరి. హైవే పక్కన "జల్దీ కానియ్ భాయ్" అన్న డ్రైవర్‌ని నేనే. అవతల ఉస్తాద్ లేడు, చేరి ఆర్నెల్లయిన పిల్లాడున్నాడు.

ఆ డాక్యుమెంట్‌లో నేనన్న మాట లేదు. ఇప్పటికి అది ఈ వ్యాసంలోనే ఉంది. ఉండాల్సిన చోటు ఇది కాదని నాకు తెలుసు. ముందు ఆ కుర్రాడికి ఫోన్ చేయాలి.