సవర పాట విన్న చెవి

1879లో విశాఖపట్నంలో మెట్రిక్యులేషన్ ముగించి, మరుసటి ఏడు పర్లాకిమిడి బడిలో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం చేసిన పోరాటం తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆయన పనితనం ఎంతటిదో చూడాలంటే మాత్రం 1931లో మద్రాసులో అచ్చయిన ఆయన సవర భాషా వ్యాకరణం తెరవాలి.

అప్పటి విశాఖ జిల్లాలోని గుణుపురం నుంచి పర్లాకిమిడి మన్యం దాకా సవరలనే కొండజాతి వాళ్ల ఊళ్లుండేవి. వాళ్లది ముండా కుటుంబపు భాష. తెలుగుతో చుట్టరికం లేదు, అప్పటికి లిపీ లేదు. పంతులుగారు రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని మాటలు నేర్చారు. పాటలూ కథలూ రాసుకున్నారు.

ఆ రాతలో ఎంత జాగ్రత్త ఉందో! సవరలో గొంతు దగ్గర ఊపిరి చటుక్కున ఆగి విడిపోయే ధ్వని ఒకటుంది. మన వర్ణమాలలో దానికి అక్షరం లేదు. లేదు కదా అని ఆయన వదిలేయలేదు, దగ్గరగా ఉన్న తెలుగు ధ్వనితో సరిపెట్టనూ లేదు. ధ్వనిశాస్త్ర సంకేతాలు నేర్చి వాడారు. వ్యాకరణం పేరులోనే, సవరకు మరో పేరైన 'సోరా' అనే మాటకు దీర్ఘాల గుర్తులు పెట్టారు. చేపను సవరలో 'అయో' అంటారు. 'చేపలు పడతాను' అన్నప్పుడు అది 'యో'గా కుదించుకుపోయి క్రియ కడుపులో దూరుతుంది. వాక్యమంతా ఒక్క మాటవుతుంది. వినేవాడు ఏమరితే చేప కనిపించనే కనిపించదు. పంతులుగారు దాన్ని పట్టుకున్నారు.

సవర పాటలో ఒక పాదం చెప్పిన సంగతినే తరువాతి పాదం మరో మాటతో చెబుతుంది. రోజువారీ మాటల్లో దొరకని పదం అలా జంటగా బయటపడుతుంది. నిఘంటువు కట్టేవాడికి పాటే పెద్ద గని. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది.

సవరల ఇళ్లలో గోడబొమ్మలూ ఉంటాయి. పితరులకు, దేవతలకు అర్పించే ఆ బొమ్మలను మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ తన 1951 నాటి గ్రంథంలో భద్రపరిచారు. బొమ్మ గోడమీద కొన్నాళ్లు నిలుస్తుంది, ఫొటోకు అందుతుంది. గొంతు దాటిన పాట ఆ క్షణానే పోతుంది. దాన్ని కాగితం మీద నిలపడానికి పంతులుగారి దగ్గర ఉన్నది చెవి ఒక్కటే.

ఆ చెవే పోయింది. మన్యపు జ్వరానికి మింగిన క్వినైన్ ఆయనకు జీవితాంతపు చెముడు తెచ్చింది. అయినా పని ఆపలేదు.

ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. భాష పుట్టేది మనుషుల నోట అని ఆయన మనకు చెప్పారు. సవర పేజీలు తిరగేస్తే, ఆ మాట ఆయన కొండవాళ్ల దగ్గర కూర్చుని, చెవి ఒగ్గి, ఒక్కొక్క ధ్వనిగా రుజువు చేసుకున్నదని తెలుస్తుంది.