ఎడారి ఎవరిది?

కళాకారులు భూమి కొనటంలో సిద్ధాంత చర్చకు తావేమీ లేదు. చిత్రకారుడు గది కట్టుకుంటాడు, నాటక సమాజం రిహార్సళ్లకు జాగా చూసుకుంటుంది. కాని, కొనటం అమ్మటం లేని బతుకు ఎలా ఉంటుందో చేసి చూపుతున్నామని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన ఒక కళాబృందం 65 లక్షల డాలర్లు పోసి 3,800 ఎకరాల మారుమూల ఎడారి భూమిని కొని, దీన్ని ఎలా వినియోగించాలో చెప్పండని లోకాన్ని అడిగితే, ఆ ప్రశ్నకు మనం కూడా జవాబు చెప్పవలసిందే. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో జరిగిన ఈ వ్యవహారం మనకు దూరపుదే. దాని వెనకనున్న ప్రశ్న మాత్రం దూరపుది కాదు.

ముందు సంగతి తెలుసుకుందాం. 1986లో లారీ హార్వే, జెర్రీ జేమ్స్ అనే ఇద్దరు మిత్రులు శాన్‌ఫ్రాన్సిస్కో బీచిలో ఒక కొయ్యమనిషిని నిలబెట్టి తగలబెట్టారు. ఏటేటా జనం పెరిగారు. 1990లో ఈ వేడుకను నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారికి తరలించారు. దాని పేరు బర్నింగ్ మాన్. ఇప్పుడు ఏటా వేసవి చివర సుమారు 70 వేల మంది అక్కడ చేరి, అర్ధచంద్రాకారపు వీధులతో ఒక నగరాన్ని కట్టి, వారం రోజులుండి, దాన్ని విప్పి, నేలమీద మేకు కూడా మిగలకుండా ఏరుకుని పోతారు. లోపల ఐసు తప్ప మరేదీ అమ్మరు. తిండీ, పాటా, బొమ్మా అన్నీ ఒకరికొకరు ఊరికే ఇచ్చుకోవలసినవే. ఆ ఎడారి ఫెడరల్ ప్రభుత్వానిది. సంస్థ అనుమతి తీసుకుని అక్కడ వేడుక జరుపుతుంది.

2004లో హార్వే ఈ సమాజానికి పది సూత్రాలు రాశాడు. అందరికీ ప్రవేశం ఉండాలనీ, ప్రతిఫలం ఆశించకుండా ఇవ్వాలనీ, వ్యాపారాన్ని దగ్గరకు రానివ్వకూడదనీ, ఎవరి కాళ్లమీద వాళ్లు నిలబడాలనీ, సమష్టిగా శ్రమించాలనీ, ఆనవాలు మిగల్చకుండా పోవాలనీ వాటి సారాంశం. వీటిని వెక్కిరించటం తేలిక. మన పత్రికల్లో అలా వెక్కిరించినవారూ లేకపోలేదు. నేనా పని చేయను. ప్రతి వస్తువుమీదా ధర చీటీ అంటించే సమాజంలో పుట్టి పెరిగిన మనుషులు, ఒక్క వారమైనా ఆ చీటీని చించివేయాలని కోరుకోవటం ఆరోగ్య లక్షణమే. ఆ కోరికను అర్థం చేసుకోలేనివాడు పెట్టుబడిదారీ వ్యవస్థ మనిషి మనస్సును ఎంతగా పీడిస్తుందో కూడా అర్థం చేసుకోలేడు.

అయితే విమర్శకుడు ఒక రచనలో ఉన్నదాన్ని చూసి ఊరుకోరాదు, లేనిదాన్ని కూడా చూడాలి. ఈ పది సూత్రాలలో భూమి ఎవరిదన్న ప్రసక్తి లేదు. నీళ్ల మాట లేదు. కూలి మాట లేదు. 2024లో అసలు అమ్మకంలో టిక్కెట్టు ధర 575 డాలర్లు. బండీ, డేరా, వారానికి సరిపడా నీళ్లూ తిండీ ఎవరివి వారే తెచ్చుకోవాలి. లోపల వ్యాపారం లేని మాట నిజమే. గేటు దాకా ఉన్నది మాత్రం వ్యాపారమే. ఇవి అతిథి రాసుకున్న సూత్రాలు. వచ్చి, ఎవరికీ హాని చేయకుండా పోయేవాడికి ఇవి చాలు. ఆనవాలు మిగల్చవద్దన్న నీతి, పొద్దున్నే లేచి వెళ్లిపోయే బాటసారికి నప్పే నీతి.

2016లో ఈ అతిథి ఆసామి అయినాడు. గెర్లాక్ అనే చిన్న ఊరికి ఉత్తరాన ఉన్న ఫ్లై రాంచ్ అనే భూమిని సంస్థ దాతల డబ్బుతో కొన్నది. 1997లో వేడుక జరిగినది ఆ ప్రాంతంలోనే గనక ఆ నేల వాళ్లకు కొత్తది కాదు. అందులో వేడినీటి బుగ్గలున్నాయి, చిత్తడి నేలలున్నాయి, పచ్చికబయళ్లున్నాయి. ఏడాదికొక వారం ఉండిపోయే సమాజానికి ఏడాది పొడుగునా భూమి అమిరింది. ఇక్కడినుంచి ఆ పది సూత్రాలు చాలవు. కంచె ఎవరు వేయాలి, నీళ్లు ఎవరు తోడాలి, పాకలు వేసేవాడికి ఏమివ్వాలి, పొరుగువాడి గొడ్డు వస్తే ఏం చేయాలి, ఇవన్నీ ఆసామికి ఎదురయే ప్రశ్నలు.

సంస్థ ఈ ప్రశ్నలకు జవాబు వెదికిన పద్ధతి గమనించదగ్గది. 2020లో లాండ్ ఆర్ట్ జెనరేటర్ అనే సంస్థతో కలిసి ఒక ప్రపంచ పోటీ పెట్టింది. విద్యుత్తు, నీరు, ఆహారం, నివాసం, వ్యర్థాల పునరుద్ధరణ అనే అయిదు అవసరాలను కళాత్మకంగా తీర్చే నిర్మాణాలకు నమూనాలు పంపమని కోరింది. అందులోనుంచి పదింటిని ఎంపిక చేశారు. వాటిలో కొన్ని నిజంగా మెచ్చదగినవి. గడ్డికప్పు నిర్మాణాలతో మనుషులకే గాక ఆ నేలమీది పక్షులకూ జీవాలకూ కూడా గూడు కల్పించాలన్న నమూనా ఒకటి ఉన్నది. దాన్ని తలపెట్టినవారికి ప్రకృతిపట్ల వినయం ఉన్నదనటంలో సందేహం లేదు.

లోపం నమూనాల్లో లేదు, ప్రశ్నలో ఉన్నది. ఆ పోటీ అడిగినది రెండే: ఏం కట్టాలి, ఎలా కట్టాలి. నిర్ణయించేదెవరు అన్నది అడగనే లేదు. సాహిత్యంలో వస్తువును పక్కకు నెట్టి శిల్పం గురించే మాట్లాడేవారితో మనకు ఎప్పటినుంచో తగాదా ఉన్నది. ఇక్కడా జరిగినది అదే. భూమి అనే వస్తువును శిల్పానికి ముడిసరుకుగా మార్చి, మంచి శిల్పి ఎవరని పోటీ పెట్టారు.

ఇలా చేయటానికి వెనక ఒక భావన ఉన్నది: ఎడారి అంటే ఖాళీ కాగితమని. మన కవిత్వంలో కూడా ఎడారి శూన్యానికి మారుపేరుగానే చలామణీ అయింది. అంతేకాదు, మన రెవెన్యూ రికార్డుల్లో 'బంజరు' అన్న మాట చేసే పని కూడా అదే. శిస్తు రాని నేల బంజరు. అక్కడ గొడ్లు మేపుకునేవాడు, కంప కొట్టుకునేవాడు, గుడిసె వేసుకున్నవాడు ఆ మాటలో కనపడరు. కనపడరు గనకనే ఒకనాడు కాగితం పట్టుకుని వచ్చిన కొత్తవాడికి ఆ నేల ఖాళీగా కనిపిస్తుంది. ఈ సంగతి తెలుగు దేశంలో పల్లెటూరినుంచి వచ్చిన ఏ విద్యార్థికీ నేను విప్పి చెప్పనక్కరలేదు.

నెవాడా ఎడారి కథ చూడండి. అది ఉత్తర పైయూట్ ప్రజల నేల. వాళ్లలో పిరమిడ్ సరస్సు ఒడ్డున బతికినవారు, ఆ సరస్సులో తప్ప మరెక్కడా దొరకని క్వీవీ అనే చేప పేరుతోనే తమను పిలుచుకున్నారు. 1860లో తెల్లవారి దండుకూ వారికీ యుద్ధం జరిగింది. మొదటి పోరులో పైయూట్లు గెలిచినా, తరవాత వచ్చిన సైన్యానికి నిలవలేకపోయారు. ఆ ప్రజలలో పుట్టిన సారా విన్నెమక్కా తమ వాళ్ల బతుకునూ, తమకు జరిగిన అన్యాయాలనూ 1883లోనే ఇంగ్లీషులో పుస్తకంగా రాసి అచ్చు వేయించింది. అంటే ఆ కాగితం ఖాళీ కాదు సరికదా, దానిమీద రాసిన రచయిత్రి పేరు కూడా మనకు తెలుసు.

ఇక నీళ్ల సంగతి. 1905లో ట్రకీ నదిమీద డెర్బీ డామ్ కట్టి, సరస్సుకు పోయే నీటిని సేద్యానికి మళ్లించారు. పిరమిడ్ సరస్సు మట్టం తరవాతి దశాబ్దాలలో సుమారు 80 అడుగులు పడిపోయింది. అక్కడి పెద్ద ట్రౌట్ చేప నశించింది. దూరపు వాగులో మిగిలిన దాని సంతతిని ఎన్నో ఏళ్ల తరవాత గాని తిరిగి తెచ్చి వదలలేదు. పక్కనే ఉన్న విన్నెమక్కా సరస్సు 1930ల నాటికి పూర్తిగా ఎండిపోయింది. వేడుకకు వెళ్లే కార్లు ఇవాళ పైయూట్ల రిజర్వేషను గుండా, ఆ ఎండిన సరస్సు పక్కగా పోతాయి. కిటికీలోనుంచి చూసేవాడు అది అనాదిగా ఎడారే అనుకుంటాడు. అందులో కొంత మన కాలంలో, మనిషి చేసిన ఎడారి.

మనుషులను కూడా ఖాళీ చేశారు. గెర్లాక్ పొరుగున ఎంపైర్ అని ఒక కంపెనీ ఊరు ఉండేది. జిప్సం తవ్వి గోడల పలకలు తయారుచేసే యునైటెడ్ స్టేట్స్ జిప్సం కంపెనీ ఆ ఊళ్లో ఇళ్లు కట్టి పనివాళ్లకు ఇచ్చింది. 2008లో ఇళ్ల వ్యాపారం కుప్పకూలింది. గోడల పలకలకు గిరాకీ పోయింది. 2011 జనవరిలో కంపెనీ ఫ్యాక్టరీ మూసింది. 95 మందికి ఉద్యోగాలు పోయినాయి. ఇళ్లు కంపెనీవే గనక ఊరికి ఊరే లేచిపోయింది. చివరకు ఆ ఊరి తపాలా నంబరును కూడా రద్దు చేశారు. తరవాత గని చేతులు మారి కొంత పని తిరిగి మొదలయిందిగాని, చెదరిన కుటుంబాలు మళ్లీ ఒకచోట చేరలేదు. ఆనవాలు మిగల్చకుండా పోవటమనే నీతిని కళాకారులు ఇష్టపడి పాటించారు. అదే ఎడారిలో ఒక కంపెనీ కార్మికుల చేత బలవంతంగా పాటింపజేసింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించని కళ, ఆ నేలమీద నిలబడి కూడా ఆ నేలను చూడలేదన్నమాటే.

ఫ్లై రాంచ్‌లో అందరూ మెచ్చే రంగురంగుల వేడినీటి బుగ్గ పుట్టుక కూడా ఇలాంటిదే. 1964లో భూగర్భపు వేడితో విద్యుత్తు తీయవచ్చునేమోనని ఒక కంపెనీ బోరు వేసింది. నీళ్లు చాలినంత వేడి లేవు. బోరు సరిగా మూయకుండా పోయారు. అప్పటినుంచి నీరు ఉబుకుతూ, ఖనిజాలు పేరుకుని, వేడిని తట్టుకునే నాచుతో ఎరుపూ పచ్చా తేలి, ఆ దిబ్బ అందమైన వస్తువయింది. లాభం రాక వదిలేసిన గాయం అది. అది అందంగా ఉన్న మాట నేను కాదనను.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. కళాకారులు కొనకపోతే గని యజమానో, జూదశాల యజమానో కొనేవాడు కదా? నిజమే. వాళ్లకంటె వీళ్లు వెయ్యి రెట్లు మేలు. కాని మంచి ఆసామి వచ్చినంత మాత్రాన భూమి సమస్య తీరదని మనవాళ్లు ఎన్నో అనుభవాలమీద తెలుసుకున్నారు.

ఈ విషయంలో మన పక్షం కూడా చేతులు కడుక్కోలేదు. 1914 మే 1న సోషలిస్టు నాయకుడు జాబ్ హారిమన్ కాలిఫోర్నియాలోని మొహావి ఎడారిలో ల్యానో డెల్ రియో అనే సహకార కాలనీ స్థాపించాడు. వెయ్యి మందికి చేరువగా జనం చేరారు. ఆలిస్ కాన్‌స్టాన్స్ ఆస్టిన్ అనే స్త్రీ వారికోసం వర్తులాకారపు నగరానికి నమూనా గీసింది. ఆడవాళ్లకు చాకిరీ తప్పాలని ఇళ్లల్లో వంటగదులే లేకుండా, ఉమ్మడి వంటశాలలు ఉండేటట్లు ఊహించింది. ఎంత ముందుచూపు! కాని నీటి హక్కు స్థిరంగా లేదు. లోపల తగాదాలు ముదిరాయి. 1917-18లో మిగిలినవారు లూసియానాకు తరలిపోయారు. అంతకంటె పెద్ద లోపం మరొకటి ఉన్నది: ఆ సోషలిస్టు కాలనీలో తెల్లవారికి తప్ప ప్రవేశం లేదు. ఎడారిలో కొత్త లోకం కడదామన్నవారు పాత లోకపు గోడను మోసుకుపోయి అక్కడ కూడా కట్టారు. నమూనా ఎంత గొప్పదయినా, నీరు ఎవరిది, చోటు ఎవరికి అన్న రెండు ప్రశ్నలను దాటవేస్తే మిగిలేది మొండిగోడలే.

అయినా నిరాశకు కారణం లేదు. గెర్లాక్ దగ్గర భూగర్భ విద్యుత్తుకోసం ఓర్మాట్ కంపెనీ తలపెట్టిన అన్వేషణకు ప్రభుత్వం అనుమతి ఇచ్చినప్పుడు, 2023 జనవరిలో దానిమీద దావా పడింది. ఆ దావా వేసినది బర్నింగ్ మాన్ సంస్థ ఒక్కటే కాదు. సమ్మిట్ లేక్ పైయూట్ తెగ, గెర్లాక్ నివాసులు కొందరు, పరిరక్షణ సంఘాలు కూడా చేరాయి. బొగ్గూ నూనే కాల్చకుండా తీసే విద్యుత్తును ఎదిరించటం సబబా అన్నది వేరే చర్చ, తేలిక చర్చ కాదు. నేను చూసేది మరొకటి: బుగ్గల నీటికి ముప్పు వస్తుందన్నప్పుడు ఆసామికి పొరుగువాళ్లు కనిపించారు. కోర్టులో పక్కన నిలబడటానికి పనికివచ్చినవారు, నిర్ణయం చేసే బల్ల దగ్గర పక్కన కూర్చోవటానికి పనికిరారా?

కనక ఆ భూమిని ఎలా వినియోగించాలన్న ప్రశ్నకు నా జవాబు నమూనా రూపంలో ఉండదు. ఆ నేల పైయూట్లదని సంస్థ మాటల్లో ఒప్పుకుంటూనే ఉన్నది. మాట చాలదు, ఓటు కావాలి. కట్టేదేమిటో తేల్చే సంఘంలో పైయూట్లకూ, గెర్లాక్ పనివాళ్లకూ కాదనే హక్కుతో సహా చోటుండాలి. మొదటి పద్దు నీటిది కావాలి: ఎంత తోడవచ్చునో తేలకుండా ఒక్క రాయి కూడా వేయరాదు. ఇప్పుడు అక్కడ జీతం తీసుకునేవాళ్లూ ఉన్నారు, ఊరికే పనిచేసేవాళ్లూ ఉన్నారు. వారం రోజుల పండుగలో ఊరికే పనిచేయటం ఆనందం. ఏడాది పొడుగునా ఊరికే చేయించుకుంటే దాన్ని వెట్టి అంటాం. శాశ్వతమైన పని ఉన్నచోట న్యాయమైన కూలి ఉండాలి, ఆ పనిలో మొదటి హక్కు ఆ చుట్టుపక్కల జీవనాధారం పోయినవారికి ఉండాలి.

ఇవన్నీ జరిగితే కళకు చోటు తగ్గుతుందని కొందరు మిత్రులు భయపడతారు. తగ్గదు. ఎండిన సరస్సు కథ తెలిసినవాడు కట్టే నీటితొట్టె వేరు, తెలియనివాడు కట్టే నీటితొట్టె వేరు. మొదటివాడి పనిలో వస్తువు ఉంటుంది, శిల్పం దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. నిర్ణయంలో భాగం దొరికినప్పుడు పైయూట్లు ఆ నేలమీద ఏమీ కట్టవద్దని అనవచ్చు కూడా. ఆ మాట విని, గీసిన నమూనాలు చుట్టి పెట్టి, బుగ్గల పక్క గడ్డిని గడ్డిగానే ఉండనివ్వగలిగితే, వ్యాపారం వద్దన్న తమ సూత్రాన్ని ఈ కళాబృందం మొదటిసారి భూమి విషయంలో కూడా పాటించినట్లవుతుంది.